ఒక్క బీపీకి మూడు మాత్రలా?

స్టెంటు వేయించుకుని ఇంటికి వచ్చిన మనిషి కాస్త కుదుటపడగానే చేసే మొదటి పని మాత్రలు లెక్కపెట్టుకోవడం. రక్తం గడ్డకట్టకుండా రెండు, కొలెస్టరాల్‌కు ఒకటి. ఇంతవరకు ఎవరికీ పేచీ ఉండదు. ఆ కింద బీపీ పేరుతో రెండో మూడో కనిపించినప్పుడే గొణుగుడు మొదలవుతుంది. ఇన్నేళ్ళూ ఒక్క బిళ్ళతో సరిపోయింది కదా, ఇప్పుడు ఇన్ని ఎందుకు? జబ్బు అంత ముదిరిందా? పక్కింటాయనకు ఒకటే రాశారట!

మా ఇంట్లోనూ ఈ మాటలే నడిచాయి. గుండెపోటు వచ్చిన మూడు నెలలకు, బీపీ నూట ఇరవై దగ్గర నిలకడగా ఉందని చూసుకుని, మా నాన్న తనంతట తానే ఒక మాత్ర మానేశారు. "మూడింట్లో ఒకటి తగ్గించేశాను, అయినా బీపీ కదలలేదు చూడు" అని గర్వంగా చెప్పారు. నిజమే, కదలలేదు. ఎందుకంటే ఆయన మానేసింది చిన్న డోసులో ఉన్న బైసోప్రొలాల్. ఆ చీటీలో బీపీని దించడంలో అన్నిటికన్నా మెతకది అదే. గుండెపోటుతో బలహీనపడిన ఆయన గుండెకు అన్నిటికన్నా అవసరమైనదీ అదే. చీటీలో మూడూ ఒకే వరసలో ఉన్నాయి, మందుల షాపులో మూడింటినీ "బీపీవి" అనే ఇచ్చారు. మరి ఆయన తప్పేముంది?

గుండె జబ్బు ఉన్నవారి చీటీలో 'బీపీ మందు' అన్న మాటకు అర్థం మారిపోతుంది. మామూలు రక్తపోటు అయితే వైద్యులు ముఖ్యంగా చూసేది అంకె ఎంత దిగిందని. గుండె జబ్బు కూడా ఉంటే, ఆ మందు గుండెకు ఇంకా ఏం చేస్తోందన్నదీ చూస్తారు. ఒక్కోసారి ఆ రెండో పని కోసమే రాస్తారు. కాబట్టి ఇక్కడ ముడులు రెండు: అసలు మందులు జతగా ఎందుకు ఇస్తారన్నది ఒకటి, గుండె జబ్బులో ఏ జత కట్టాలన్నది రెండోది. మొదటిది తేలిక.

రక్తపోటు అంటే గుండె ఎంత రక్తం తోస్తోంది, రక్తనాళాలు ఎంత బిగిసి ఉన్నాయి అన్న రెంటి గుణకారం. నరాలు, కిడ్నీలు, హార్మోన్లు కలిసి దీనికి కాపలా కాస్తుంటాయి. వీటికి అలవాటైన బీపీ మీద మమకారం ఎక్కువ, అది చెడ్డ అలవాటైనా సరే. ఒక మందుతో ఒకచోట నొక్కితే ఇంకోచోట పైకి లేపుతాయి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్ర ఇచ్చామనుకోండి, ఒంట్లో ఉప్పూ నీరూ తగ్గి బీపీ దిగుతుంది. ఆ వెంటనే కిడ్నీలు రెనిన్‌ను వదులుతాయి. దాని వల్ల యాంజియోటెన్సిన్ పుట్టి రక్తనాళాలను బిగిస్తుంది. వచ్చిన లాభంలో కొంత అక్కడే పోతుంది. యాంజియోటెన్సిన్‌ను అడ్డుకునే రామిప్రిల్ లాంటిదో, టెల్మిసార్టాన్ లాంటిదో తోడు చేస్తే శరీరం ఎదురు తిరిగే ఆ దారి మూసుకుపోతుంది.

ఉన్న మందునే రెట్టింపు చేస్తే సరిపోదా అని అడగవచ్చు. 2009లో లండన్ పరిశోధకులు కొందరు 42 ప్రయోగాల్లోని దాదాపు 11 వేల మంది వివరాలను కలిపి ఇదే లెక్క వేశారు. ఒక మందు డోసు రెట్టింపు చేసినప్పుడు అదనంగా దిగే బీపీ కన్నా, వేరే తరగతి మందు ఒకటి చేర్చినప్పుడు దిగేది సుమారు 5 రెట్లు ఉంది. దుష్ప్రభావాలేమో చాలా మందుల్లో డోసుతో పాటే పెరుగుతాయి. రెట్టింపు డోసు నష్టపు బేరమన్నమాట. మాత్రల సంఖ్యను బట్టి జబ్బు తీవ్రతను కొలవకూడదనడానికి ఇదే కారణం. రెండు చిన్న డోసులు వాడే మనిషి ఒక పెద్ద డోసు వాడే మనిషికన్నా సుఖంగా ఉండవచ్చు.

పైగా కొన్ని మందులు ఒకదాని అప్పు ఇంకొకటి తీరుస్తాయి. రక్తనాళాలను వదులు చేసే ఆమ్లోడిపిన్ వేసుకునేవారిలో కొందరికి సాయంత్రానికి చీలమండలు ఉబ్బుతాయి. ఈ మందు సూక్ష్మనాళాల్లోకి రక్తం వచ్చే వైపు వాకిలి బార్లా తెరుస్తుంది, బయటకు పోయే వైపు అంతగా తెరవదు. లోపల ఒత్తిడి పెరిగి నీరు చుట్టుపక్కల కణజాలంలోకి ఊరుతుంది. రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటివి పోయే వైపును కూడా వదులు చేస్తాయి కనుక, వాటితో జత కట్టినప్పుడు వాపు తగ్గుతుంది. ఇది తెలియక వాపుకని మూత్రం పోయే మాత్ర కొనుక్కుని మింగేవారు చాలామందే ఉన్నారు. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కనుక దానికి సరిగా లొంగదు, పొటాషియం మాత్రం పడిపోతుంది. ఆ పొటాషియం సంగతీ ఇలాంటిదే. మూత్రం పోయే మాత్రలైన హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ దాన్ని తగ్గిస్తాయి, పేరు చివర ప్రిల్, సార్టాన్ అని ఉండే తరగతులు పెంచుతాయి. కలిపి ఇస్తే త్రాసు చాలావరకు సమంగా నిలుస్తుంది. పొటాషియం అటూ ఇటూ అయితే లయ తప్పేది గుండే కాబట్టి, గుండె రోగికి ఇది చిన్న విషయం కాదు.

ఇక రెండో ముడి. ఇతర అవయవాలకు రక్తం ఎక్కువగా గుండె ముడుచుకున్నప్పుడు అందుతుంది. గుండె కండరానికి మాత్రం, ముఖ్యంగా ఎడమ వైపు, అది విప్పారినప్పుడు అందుతుంది. ముడుచుకునేటప్పుడు ఆ కండరమే తనలోని నాళాలను నొక్కేస్తుంది మరి. ఊరందరికీ నీళ్ళు తోడిపోసి, తన కడవ చివర్లో నింపుకునేవాడి పరిస్థితి గుండెది. కడవ ఎంత నిండుతుందో రెండు విషయాలు తేలుస్తాయి: విప్పారి ఉండే సమయం ఎంత, ఆ సమయంలో నాళాల్లో ఒత్తిడి, అంటే బీపీలో కింది అంకె, ఎంత. నాళాల్లో పూడిక ఉన్నవారికి ఈ రెండూ బీపీలో పై అంకెతో సమానంగా ముఖ్యం.

నిమిషానికి 90 సార్లు కొట్టుకునే గుండె 60కి దిగితే, ముడుచుకునే సమయం పెద్దగా మారదు. విరామం మాత్రం ఎంతో పెరుగుతుంది. బైసోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు చేసే మేలు ఇదే. 1960లలో బ్రిటిష్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ ఈ తరగతిలోని ప్రొప్రనొలాల్‌ను తయారు చేసింది ఛాతీనొప్పి రోగుల కోసం. అది బీపీని కూడా దించుతుందని ఆ తరువాత గమనించారు. ఈ మందుకు 'బీపీ బిళ్ళ' అన్న పేరు తరువాత అతికినదే. దీనికి సరిగ్గా ఎదురైన ఉదాహరణ నిఫెడిపిన్. ఒకప్పుడు బీపీ బాగా పెరిగితే ఈ గొట్టం మాత్రకు సూదితో బెజ్జం పెట్టి నాలుక కింద చుక్కలు వేసేవారు. నిమిషాల్లో అంకె దిగేది, చూసేవారికి మహిమలా ఉండేది. అంత వేగంగా దిగేసరికి గుండె దడదడలాడేది, కింది అంకె కూలిపోయేది. గుండెపోటుకు, పక్షవాతానికి దారి తీసిన సందర్భాలు నమోదు కావడంతో 1990లలో ఆ పద్ధతి మానమని వైద్య పత్రికలు గట్టిగా చెప్పాయి. అదే కుటుంబానికి చెందిన ఆమ్లోడిపిన్ మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది కాబట్టి దానితో ఆ ప్రమాదం లేదు. అంకె ఎంత దిగిందన్నదే కాదు, ఎలా దిగిందన్నదీ గుండె పట్టించుకుంటుంది.

ఆ రోజుల్లో నిఫెడిపిన్ కుటుంబం మొత్తం మీద, అంటే కాల్షియం చానల్ బ్లాకర్లన్నిటి మీద, అనుమానం పడింది. గుండె జబ్బు ఉన్నవారికి వీటిని ఇవ్వవచ్చా? బీటా బ్లాకరే దిక్కా? ఈ ప్రశ్న తేల్చడానికి ఇన్వెస్ట్ అనే పెద్ద ప్రయోగం జరిగింది. 1997లో మొదలై 14 దేశాల్లో నడిచింది. బీపీ, గుండె రక్తనాళాల జబ్బు రెండూ ఉన్న 22,576 మందిని చేర్చుకున్నారు, అందరూ 50 దాటినవారే. ఒక జట్టుకు కాల్షియం చానల్ బ్లాకరైన వెరాపమిల్‌తో మొదలుపెట్టి, అవసరమైతే ట్రాండోలాప్రిల్ చేర్చారు. రెండో జట్టుకు బీటా బ్లాకరైన అటెనోలాల్‌తో మొదలుపెట్టి హైడ్రోక్లోరోథయజైడ్ చేర్చారు. ఇంకా తగ్గకపోతే అవతలి జట్టు రెండో మందును కూడా వాడుకోవచ్చు. వెరాపమిల్, అటెనోలాల్ మాత్రం ఒకే మనిషికి పడకుండా చూశారు. ఎందుకన్నది తరువాత చెబుతాను.

2003లో ఫలితాలు వచ్చాయి. మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి లెక్కిస్తే వెరాపమిల్ జట్టులో 9.93 శాతం, అటెనోలాల్ జట్టులో 10.17 శాతం. తేడా లేనట్టే. రెండు జట్లలోనూ 70 శాతానికి పైగా మందికి బీపీ 140/90 కన్నా దిగింది. అందులో నా కంటికి ఆనిన సంగతి వేరు. రెండేళ్ళు గడిచేసరికి రెండు జట్లలోనూ సగానికి పైగా మనుషులు ట్రాండోలాప్రిల్ వేసుకుంటున్నారు. అటెనోలాల్ జట్టులో 60 శాతం మందికి మూత్రం పోయే మాత్ర కూడా తోడైంది. అంటే మొదలుపెట్టిన మందు ఏదైనా, ఎక్కువ మంది ఒక్కదానితో ఆగలేదు. 'ఒక్క మాత్ర చాలదా' అన్న మా నాన్న ప్రశ్నకు 22 వేల మంది ఇచ్చిన జవాబు ఇది. ఇంకో చిన్న తేడా కూడా కనబడింది. ప్రయోగం నడుస్తుండగా కొత్తగా మధుమేహం వచ్చినవారు వెరాపమిల్ జట్టులో 7 శాతం, అటెనోలాల్ జట్టులో 8 శాతం పైచిలుకు. షుగరు ఇంటింటా ఉన్న మన ప్రాంతాల్లో ఈ తేడాను తీసిపారేయలేము.

ఇన్వెస్ట్ సమాచారాన్ని మళ్ళీ తవ్వినప్పుడు, 2006లో, అసలు చర్చ లేచింది. బీపీ ఎంత దిగితే అంత మంచిదని అప్పటివరకు నమ్మకం. ఈ రోగుల్లో మాత్రం ప్రమాదం 119/84 దగ్గర అన్నిటికన్నా తక్కువగా ఉండి, కింది అంకె అంతకన్నా బాగా దిగినవారిలో మళ్ళీ పెరిగింది. పెరిగింది ముఖ్యంగా గుండెపోటు, పక్షవాతం అంతగా పెరగలేదు. ఆ కడవ కథను గుర్తు చేసుకుంటే ఎందుకో అర్థమవుతుంది. నాళాల పూడిక తీయించుకున్నవారు, అంటే స్టెంటో బైపాసో అయినవారు, తక్కువ అంకెను మెరుగ్గా తట్టుకున్నారు. ఇదీ ఆ కథకు సరిపోతుంది. అయితే ఇక్కడ ఒక అనుమానానికి చోటుంది. కింది అంకె పడిపోవడం వల్ల గుండెపోటు వచ్చిందా, లేక ముందే ఒళ్ళు చెడిన మనుషుల్లో రెండూ కలిసి కనబడ్డాయా? ఇలాంటి తవ్వకాల్లో కారణం ఏదో ఫలితం ఏదో విడదీయడం కష్టం. 2015లో అమెరికాలో జరిగిన స్ప్రింట్ ప్రయోగంలో పై అంకెను 120 కన్నా తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకున్నవారికి మేలు జరిగింది. మరుసటి ఏడు 2016లో వచ్చిన మరో పరిశీలన, 22,672 మంది గుండె రోగులను చూసి, 120/70 కన్నా దిగినవారిలో ప్రమాదం ఎక్కువని చెప్పింది. ఇప్పటి యూరప్ మార్గదర్శకాలు, 2024వి, తట్టుకోగలిగితే పై అంకె 120, 129 మధ్య ఉంచమంటాయి. 'తట్టుకోగలిగితే' అన్న మాట అలంకారానికి పెట్టింది కాదు. లేచి నిలబడితే కళ్ళు తిరిగే పెద్దవయసు రోగికి అంకె ఎంత అందంగా ఉన్నా ఆ జత కుదరనట్టే.

జత విషయానికి వస్తే, రెండు ప్రయోగాలు తెలిస్తే సగం బొమ్మ తెలిసినట్టే. రెండూ 2008లోనే వెలువడ్డాయి. అకంప్లిష్‌లో గుండె ప్రమాదం ఎక్కువగా ఉన్న 11,506 మందికి బెనజెప్రిల్ అందరికీ ఇచ్చి, సగం మందికి ఆమ్లోడిపిన్, సగం మందికి హైడ్రోక్లోరోథయజైడ్ జత చేశారు. బీపీ దాదాపు సమానంగానే దిగింది. కానీ గుండె జబ్బుతో మరణం, గుండెపోటు, పక్షవాతం లాంటి ప్రధాన ప్రమాదాలు ఆమ్లోడిపిన్ జతలో 9.6 శాతం, రెండో జతలో 11.8 శాతం. తేడా తేటతెల్లం కావడంతో ప్రయోగాన్ని ముందే ఆపేశారు. ఈ రోజు మన మందుల షాపుల్లో సార్టాన్, ఆమ్లోడిపిన్ కలిపిన మాత్రలు ఇంతగా కనబడటంలో దీని పాత్ర ఉంది. రెండోది ఆన్‌టార్గెట్, 25,620 మంది. యాంజియోటెన్సిన్‌కు రామిప్రిల్ ఒక చోట, టెల్మిసార్టాన్ ఇంకో చోట అడ్డుపడతాయి కదా, రెండూ ఇస్తే మేలు రెట్టింపు కావాలనుకున్నారు. కాలేదు. బీపీ మరికాస్త దిగింది, మరణాలూ గుండెపోట్లూ తగ్గలేదు. కళ్ళు తిరగడం, కిడ్నీలు దెబ్బతినడం పెరిగాయి. ఒకే తలుపుకు రెండు తాళాలు వేసినంత పని. అప్పటి నుంచి ఈ రెండు తరగతులను కలిపి ఇవ్వవద్దని మార్గదర్శకాలు కచ్చితంగా చెబుతున్నాయి. ఇద్దరు డాక్టర్ల చీటీలు పక్కపక్కన పెట్టుకుని రెండూ వాడేవారు ఇప్పటికీ తారసపడుతుంటారు. చివర ప్రిల్ ఉన్న పేరు ఒకటి, సార్టాన్ ఉన్న పేరు ఒకటి కనిపిస్తే అడగాల్సిందే.

'గుండె జబ్బు' అన్న ఒక్క మాట కింద వేరు వేరు గుండెలు ఉంటాయి. నడిస్తే ఛాతీనొప్పి వచ్చే మనిషికి బీటా బ్లాకరు, ఆమ్లోడిపిన్ మంచి జోడీ. ఒకటి పరుగు తగ్గిస్తుంది, ఇంకొకటి నాళాలను వదులు చేస్తుంది, బీపీ రెంటికీ దిగుతుంది. గుండె పంపింగు తగ్గిన మనిషికి లెక్క వేరు. ప్రిల్ లేదా సార్టాన్ లేదా సాకుబిట్రిల్ కలిసిన మందు, బైసోప్రొలాల్ లేదా కార్వెడిలాల్ లేదా మెటోప్రొలాల్ సక్సినేట్, స్పైరనోలాక్టోన్, ఈ మధ్య షుగరు మందుగా వచ్చి గుండెకు పనికొచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి. బీపీ ఎక్కువ లేకపోయినా ఇవి రాస్తారు. ఇన్వెస్ట్‌లో అంత బాగా పనిచేసిన వెరాపమిల్‌ను ఇలాంటి గుండెకు ఇవ్వరు, కండరాన్ని ఇంకా నీరసపరుస్తుంది. మరి గుండెపోటు వచ్చి, పంపింగు మామూలుగానే ఉన్నవారికి బీటా బ్లాకరు ఏళ్ళ తరబడి కావాలా? ఇది ఇంకా తెగని తగవు. 2024లో స్వీడన్ ప్రధానంగా జరిగిన రెడ్యూస్-ఏఎంఐ ప్రయోగంలో ఉపయోగం కనబడలేదు, 2025లో రీబూట్ కూడా అదే చెప్పింది. అదే ఏడాది నార్వే, డెన్మార్క్ పరిశోధకులు కొంత ఉపయోగం ఉందన్నారు. కాబట్టి ఒకరికి డాక్టరే ఆపించిన మాత్రను ఇంకొకరికి అదే డాక్టరు కొనసాగించమనడంలో వైరుధ్యం లేదు. ఆపాలన్నా మెల్లగా తగ్గిస్తూ ఆపాలి. ఒక్కసారిగా మానేస్తే గుండె పరుగందుకుని నొప్పి తిరగబెట్టవచ్చు.

వెరాపమిల్, అటెనోలాల్ సంగతి బాకీ ఉంది. రెండూ గుండెలో విద్యుత్తు ప్రయాణించే దారిని నెమ్మది చేస్తాయి. విడివిడిగా మేలే. కలిస్తే నాడి నలభైకి పడిపోవచ్చు, ఒక్కోసారి దారి పూర్తిగా మూసుకుపోవచ్చు. వెరాపమిల్ తరహా డిల్టియాజెమ్‌తోనూ ఇదే జాగ్రత్త. ఛాతీనొప్పికి ఇచ్చే నైట్రేట్ మాత్రలు వాడేవారు సిల్డెనాఫిల్ (వయాగ్రా) జోలికి పోకూడదన్నది ఇంకా కఠినమైన నియమం, బీపీ ఒక్కసారిగా పాతాళానికి పోతుంది.

నన్ను ఎక్కువగా భయపెట్టే జత మాత్రం డాక్టరు చీటీలో ఉండదు. ప్రిల్ లేదా సార్టాన్, మూత్రం పోయే మాత్ర వాడుతున్న పెద్దాయన మోకాళ్ళ నొప్పికని డైక్లోఫెనాక్ కొనుక్కుంటాడు, చీటీ లేకుండానే దొరుకుతుంది కనుక. మూడూ మూడు వైపుల నుంచి కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి. వారంపాటు వాడితే, అందులోనూ ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గి ఉంటే, కిడ్నీల పనితీరును చెప్పే క్రియాటినిన్ చప్పున ఎగబాకవచ్చు. బీపీ కూడా పెరుగుతుంది, దాంతో ఇంకో బీపీ మాత్ర చీటీలోకి ఎక్కుతుంది. స్పైరనోలాక్టోన్ ఉన్నవారికి మరో చిక్కు ఉంది. అదీ ప్రిల్ లేదా సార్టాన్ కలిసి పొటాషియంను పెంచుతాయి. అలాంటప్పుడు రోజూ కొబ్బరి బోండాం తాగడం, బీపీకి మంచిదని పొటాషియం కలిపిన ఉప్పు వాడటం మంచి చేయకపోగా గుండె లయకే ఎసరు పెట్టవచ్చు, కిడ్నీలు నీరసపడినవారికి మరీను. అందుకే ఈ మందులు మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకు పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష రాస్తారు. చాలామంది ఎగ్గొట్టే పరీక్ష కూడా అదే.

ఇన్ని మందులు కావలసినప్పుడు ఒకే మాత్రలో పెడితే పోదా? మన దేశంలో 'కలిపిన మందు' అంటే కొంత చెడ్డపేరు ఉంది, కారణం లేకపోలేదు. అర్థంపర్థం లేని కలయికలని కేంద్ర ప్రభుత్వం 2016లో 344, 2018లో 328 మందులను నిషేధించింది. బీపీ జతలు ఆ బాపతు కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటిని 2019లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మన దేశంలోనే 32 కేంద్రాల్లో 1,981 మంది బీపీ రోగులపై జరిగిన టాప్‌స్పిన్ ప్రయోగంలో ఆమ్లోడిపిన్, పెరిండోప్రిల్, ఇండపమైడ్‌లను రెండేసి చొప్పున ఒకే మాత్రలో ఇచ్చి చూశారు. మూడు జతలూ ఇంచుమించు సమానంగా పనిచేశాయి. గుండెపోటు వచ్చిన పెద్దవారిపై యూరప్‌లో జరిగిన సెక్యూర్ ఫలితం, 2022లోది, ఇంకా ఆసక్తికరం. ఆస్పిరిన్, రామిప్రిల్, అటార్వాస్టాటిన్ ఒకే మాత్రలో ఇచ్చినవారిలో ప్రధాన ప్రమాదాలు 9.5 శాతం, విడివిడిగా వాడినవారిలో 12.7 శాతం. రెండు జట్ల మధ్య బీపీలో గానీ కొలెస్టరాల్‌లో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కలిపిన మాత్ర ఇచ్చినవారు క్రమం తప్పకుండా వేసుకున్నారు, కొలవగలిగిన తేడా అదొక్కటే.

కలిపితే ఒక ఇబ్బంది ఉంది. లోపలి మందుల్లో ఒక్కదాని డోసు మార్చాలంటే కుదరదు. మన దగ్గర చాలా బ్రాండ్ల పేర్ల చివర ఉండే తోక అక్షరాలు ఈ సంగతే చెబుతాయి: ఏఎం అంటే సాధారణంగా ఆమ్లోడిపిన్, హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, ఏటీ అంటే అటెనోలాల్. పేరు అదే కదా అని తోక మార్చి ఇచ్చినా మందు మారిపోయినట్టే. అట్ట మీద పేరు కింద సన్నని అక్షరాల్లో ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది. షాపు గడప దిగకముందే చదువుకోవడం మేలు.

మా నాన్నకు ఇప్పుడు బీపీ పేరుతో ఉన్న మాత్రలు మూడు కాదు, రెండు. టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ కలిసి ఒకటయ్యాయి. నాడి చూసుకుంటూ కొద్దికొద్దిగా పెంచాలి కనుక మూడోదాన్ని డాక్టరుగారు కలపలేదు. విడిగా మిగిలిన ఆ చిన్న మాత్ర అప్పట్లో ఆయన మానేసినదే.